చల్లారని రొట్టె దూరం

నమంగాన్ ఊరి బజారులో తందూరు రొట్టెలు కాల్చే ఎర్గష్ అకా, అంటే ఊరందరికీ అన్న, దూరాన్ని కిలోమీటర్లలో కొలవడు, గంటల్లోనూ కొలవడు. రొట్టె వేడితో కొలుస్తాడు. లోకంలో ఏ రెండు విమానాశ్రయాల పేర్లు చెప్పినా ఆయన లెక్క ఒక్కటే: "ఓస్, అంతేనా! రొట్టె చల్లారేలోపు దిగిపోతావ్."

ఇస్తాంబుల్? చల్లారదు. సియోల్? చల్లారదు. ఒకసారి ఎవడో వెటకారానికి "చంద్రమండలం?" అన్నాడు. ఎర్గష్ అకా గడ్డం గోక్కుని, "అక్కడ చలెక్కువ. ఇంకో గుడ్డ చుట్టుకో" అన్నాడు.

ఈ పిచ్చిని ఓయ్‌దిన్ చిన్నప్పట్నుంచీ చూస్తోంది. ఆమెకు అంతుపట్టనిది ఒక్కటే. వెళ్లినవాళ్లంతా ఫోన్ చేసి, "అవును, వేడిగానే ఉంది" అంటారు. ఒక్కడంటే ఒక్కడు కాదనడు. ఊరు ఊరంతా కలిసి ఒకే అబద్ధం ఎందుకాడుతుంది?

ఇప్పుడు తన వంతొచ్చింది. ఎముకలు కొరికే చలి ఊరు యాకుత్స్క్‌లో కుట్టుపని. నాలుగు వేల కిలోమీటర్ల పైమాట, మధ్యలో విమానం మారాలి. భయమేస్తోంది. విమానానికి కాదు, దిగాక పలకరించే దిక్కుండదని.

"అకా, ఇవాళ ఎక్కితే రేపు దిగుతానట. గడియారం అలా చెబుతోంది."

"గడియారానికేం తెలుసు! ఊరు మారగానే మాట మార్చే రకం. రొట్టె అలా కాదు."

"చల్లారితే?"

"ఫోన్ చేసి తిట్టు. తందూరు మూసేసి గొర్రెలు కాసుకుంటా."

బయల్దేరేముందు అందరిలాగే ఒక రొట్టె కొరికి, మిగతాది తిరిగొచ్చి తినాలని ఇంటి గోడకు తగిలించింది. పొగలు కక్కే ఇంకో రొట్టెను ఎర్గష్ అకా బొంతముక్కలో చుట్టి ఆమె సంచిలో కుక్కాడు. "దిగేదాకా విప్పకు!"

ఆమె ఊరుకుంటుందా? విమానం గాల్లోకి లేవగానే వేలు పెట్టి చూసింది. గోరువెచ్చగా ఉంది. విమానం మారేచోట చూసింది. చల్లబడింది. యాకుత్స్క్‌లో దిగి చూస్తే, దాంతో గోడకు మేకు కొట్టొచ్చు.

"దొరికావ్ అకా!" అని ఫోన్ తీసింది. అంతలో సొంతభాషలో ఎవరో పిలిచారు. "ఓయ్‌దిన్ ఎవరమ్మా?"

బొచ్చుటోపీ పెట్టుకుని ఎలుగుబంటిలా ఉన్నాడు మనిషి. కోటు గుండీలు విప్పి, చంకలోంచి మూట తీశాడు. అందులో పొగలు కక్కే రొట్టె! నడిమధ్యన ఎర్గష్ అకా వేసే పువ్వు అచ్చే.

"నేను రహ్మతుల్లాని. పని ఆయన దగ్గరే నేర్చుకున్నా. ఇక్కడ తందూరు పెట్టుకున్నా. మూడ్రోజులుగా ఒకటే ఫోన్లు. 'పిల్ల ఒంటరిగా దిగుతోంది, రొట్టె చల్లారిందో నీ చెవులు మెలేస్తా' అని! ఇస్తాంబుల్‌లో ఇంకొకడున్నాడు, సియోల్‌లో ఇంకొకడు. అందరం ఆయన చేత చెవులు మెలేయించుకున్న వాళ్లమే. ఊళ్లో మాత్రం చెప్పకు, తర్వాత వచ్చేవాళ్లకు ఈ సరదా పోతుంది. పద, మా ఆవిడ చాయ్ పెట్టింది. ముందు ఆయనకు ఫోన్ చెయ్, పాపం ఊపిరి బిగబట్టుకుని ఉంటాడు."

ఓయ్‌దిన్ రొట్టె తుంచి నోట్లో వేసుకుని, ఎర్గష్ అకాకు ఫోన్ కలిపింది. అటునుంచి గొంతు మెల్లగా వచ్చింది.

"ఏం చెల్లీ... చల్లారిందా?"

"నాలుక కాలింది అకా!"

"చెప్పానా! యాకుత్స్క్ అంటే మన బజారు చివరే. గొర్రెలు బతికిపోయాయి!"