మేడమ్ తీసేయమన్న చాప్టర్

మా మేడమ్ పోయారని గత సోమవారం తెలిసింది. వాళ్లమ్మాయి మెసేజ్ పెట్టింది. కింద ఇంకో మాట కూడా ఉంది: "సంతాప సభ శనివారం. దీనికోసం ఎవరూ ఆఫీసుకి సెలవు పెట్టకూడదని అమ్మ ముందే రాసిపెట్టింది." ఒట్టావా శివార్లలోని కనాటాలో మా ఆఫీసు పార్కింగ్‌లో కూర్చుని అది చదివి, ఏడవాల్సింది పోయి విసుక్కున్నాను. పోతూ పోతూ కూడా ఒక రూలు పెట్టి పోవాలా?

ఆవిడ మేనేజ్‌మెంట్ ప్రొఫెసర్, నా పీహెచ్‌డీకి గైడ్. పనిచేసేచోట అన్యాయం జరిగిందని ఎవరైనా ఫిర్యాదు చేస్తే ఆ తర్వాత వాళ్ల గతి ఏమవుతుందన్నదే ఆవిడ పరిశోధన. వ్యాసాలు రాసుకుని ఊరుకుంటే బాగుండేది. పనిచేసేవాళ్లని పీడించకూడదన్న సూత్రాన్ని మా మీద కూడా అమలు చేసేవారు. ఐదయిందంటే మా గదిలో లైటు ఆర్పేసేవారు. ఒక్క పేరా మిగిలిందండీ అంటే, "అది రేపటి పేరా" అనేవారు. శుక్రవారం పంపే ఈమెయిల్ మీద 'సోమవారం దాకా తెరవొద్దు' అని ఉండేది. అందులో ఏముందోనన్న బెంగతోనే నా శనాదివారాలు గడిచిపోయేవి.

ఉద్యోగులతో ఇంటర్వ్యూ అంటే కంపెనీవాళ్లిచ్చిన మీటింగ్ రూములో అడుగు పెట్టనిచ్చేవారు కాదు. "వాళ్ల గదిలో వాళ్లకి నచ్చే మాటలే వస్తాయయ్యా" అని, మైనస్ ఇరవైలో, హీటర్ సరిగ్గా పనిచెయ్యని నా కారులో కూర్చోబెట్టేవారు.

సార్నియాలో ఒక ప్యాకింగ్ యూనిట్లో పనిచేసే తెలుగు అక్క ఆ కారులోనే నాతో రెండు గంటలు మాట్లాడింది. సూపర్‌వైజర్ మీద కంప్లైంట్ ఇచ్చిన దగ్గర్నుంచి లంచ్ టేబుల్ దగ్గర తన పక్కన ఎవరూ కూర్చోకుండా ఎలా చేశారో చెప్పింది. నా థీసిస్‌కి అదే ప్రాణం. పేరు మార్చి, చాప్టర్ రాసి, గర్వంగా మేడమ్‌కి ఇచ్చాను.

"ఆ షిఫ్టులో తెలుగు ఆడవాళ్లు ఎంతమంది?" అన్నారు.

"ఈవిడొక్కరే, మేడమ్."

"మరి పేరు మార్చి ఎవరి కళ్లు కప్పావు? వెళ్లి, రాసింది చదివి వినిపించు. ఆవిడ వద్దంటే తీసేయ్."

"రాసుకోమని ముందే సంతకం పెట్టింది కదా మేడమ్."

"అప్పటికి నువ్వేం రాస్తావో ఆవిడకి తెలియదుగా."

ఒట్టావా నుంచి ఏడు గంటలు డ్రైవ్ చేసుకుని మళ్లీ వెళ్లాను. అక్క అంతా విని, "మంచిగనే రాసినవ్ తమ్ముడూ. గానీ వాళ్లు చూస్తే నా పని పోతది. ఈ దేశంల ఉండనిచ్చే పీఆర్ వచ్చేదాకా నాకు ఇదే దిక్కు. తీసెయ్యి" అంది. చాప్టర్ పోయింది. డిగ్రీ ఏడాది వెనక్కి వెళ్లింది. స్టడీ పర్మిట్ ఎక్స్‌టెన్షన్‌కి అప్లై చేస్తూ మేడమ్‌ని తిట్టుకోని రోజు లేదు.

"ఆ ఇంటర్వ్యూ ఫైలు డిలీట్ చేశావా?" అని ఒకసారి అడిగారు. చేశానండీ అన్నాను. చెయ్యలేదు. ఎప్పటికైనా పనికొస్తుందని దాచుకున్నాను. కామా తప్పు పడితే మూడుసార్లు వెనక్కి పంపే మనిషి, నా మాటని మాత్రం అలాగే నమ్మేశారు. నా ఉద్యోగానికి రాసిన రికమెండేషన్‌లో 'మాట మీద నిలబడే మనిషి' అని కూడా రాశారు. ఆ కాగితం చూపించే హెచ్‌ఆర్‌లో చేరాను. ఇప్పుడు రోజూ ఎవరో ఒకరు నా గదిలోకొచ్చి, తలుపు వేసి, బయట చెప్పుకోలేనివి నాకు చెప్తారు.

శనివారం సభలో నన్ను మాట్లాడమన్నారు. గొంతు బాగోలేదని చెప్పి కూర్చుండిపోయాను. ఆవిడంటే నాకెంత ఇష్టమో, ఆవిడకి నేనెంత అన్యాయం చేశానో అప్పుడే తెలిసింది.

ఆదివారం సార్నియా అక్కకి ఫోన్ చేశాను. మేడమ్ పోయారని చెప్పి, ఫైలు సంగతి కూడా చెప్పాను.

"ఎన్నేండ్లాయె?" అంది.

"ఆరేళ్లు అక్కా."

"నేనింకా ఆడనే చేస్తున్న. ఆ సూపర్‌వైజరే ఉన్నడు." తిట్టలేదు. "లాప్‌టాప్ ముందటున్నదా?"

"ఉంది."

"ఇప్పుడే తీసెయ్యి. నేను లైన్ల ఉంట."

ఫైలు తీసేసి, రీసైకిల్ బిన్ ఖాళీ చేసి, అయిపోయిందని చెప్పాను. అక్క ఫోన్ పెట్టెయ్యలేదు. నేనూ పెట్టలేదు. అవతల ఆవిడ ఊపిరి వినిపిస్తోంది. నా మాట నమ్మాలా వద్దా అని ఆలోచిస్తోంది.