కూసుండి చేసే సదువు

మొన్న హన్మకొండలో మా తమ్ముడి చిన్నకొడుకు రిసెప్షన్ జరిగింది. భోజనాల హాలుకి ఒక పక్కన చిన్న వేదిక కట్టి, పూలు చుట్టి, నలుగురు వాద్యగాళ్ళను కూర్చోబెట్టారు. నలుగురూ కుర్చీల్లోనే ఉన్నారు. వయొలిన్ అమ్మాయి కుర్చీలో హాయిగా ఆనుకుని, చెప్పులు కూడా విప్పకుండా, సినిమా పాటలు వాయిస్తోంది. బిర్యానీ ప్లేట్లు పట్టుకున్న జనం ఆమె ముందునుంచే అటూ ఇటూ నడుస్తున్నారు. ఆమె ఎలా కూర్చుందో ఎవరికీ పట్టలేదు, ఏం వాయిస్తోందో అసలే పట్టలేదు. మా తమ్ముడి పెద్దకోడలు ఐస్‌క్రీం కప్పు తెచ్చి నా చేతిలో పెట్టి, “ఏందత్తమ్మా, గంత పరేషాన్‌గ చూస్తాన్నవ్? నీకు గీ వయొలిన్ అంటె ఇష్టమా?” అంది. “ఒకప్పుడు నేర్సుకున్న బిడ్డా” అన్నాను. “నువ్వా!” అంది. ఆ పిల్ల తప్పేం లేదు. ఆమె ఈ ఇంటికి వచ్చేనాటికి నేను రిటైరైన టైపిస్టును. ఇనుప కాలున్న మేనత్తను. అంతకు మించి నా గురించి చెప్పుకోవడానికి ఇంట్లో ఎవరి దగ్గరా ఏమీ లేదు.

నాకు నడక వచ్చిన ఏడాదే జ్వరం వచ్చింది. అప్పుడు మేం ధర్మసాగర్ దగ్గర పల్లెలో ఉండేవాళ్ళం. జ్వరం పోయింది కానీ పోతూ పోతూ కుడికాలులో ఉన్న బలమంతా పట్టుకుపోయింది. బాపు నన్ను భుజాన వేసుకుని పాలకుర్తి గుట్ట ఎక్కి మొక్కుకున్నాడు. దేవుడు విన్నాడనీ, అయితే ఆ మెట్లెక్కినవి బాపు కాళ్ళే కాబట్టి వరం వాటికే ఇచ్చాడనీ, అందుకే ఆయనకు ముసలితనంలో కూడా మోకాళ్ళ నొప్పులు రాలేదనీ మా మేనత్త అనేది. ఆమె బాపుకి అక్క. చిన్నప్పుడే భర్త పోతే మా ఇంటికి వచ్చి, మా అమ్మకు సగం పనీ, నాకు సగం కాలూ అయింది. బాపుకు మిల్లులో పని దొరికి మేం వరంగల్ వచ్చాక, పెద్ద దవాఖాన వాళ్ళు చెబితే హైదరాబాద్ పోయి నాకు ఇనుప కాలు చేయించారు. తొడ నుంచి పాదం దాకా రెండు కడ్డీలు, తోలు పట్టీలు, కింద ఒక బరువైన బూటు. అది తొడిగితే కాలు కర్రలా నిటారుగా ఉంటుంది, మడవడానికి వీల్లేదు. అత్త దాన్ని ‘గుర్రం’ అనేది. పొద్దున్నే “గుర్రమెక్కినవా లేదా, బడికి టైమైతాంది” అని కేకేసేది.

నేను పదో తరగతి పాసయ్యాక ఇంట్లో పెద్ద చర్చ జరిగింది. బాపు ఏ విషయమైనా మిల్లులో యంత్రం విప్పినట్టు ఒక్కో మరా విప్పి చూసే మనిషి. “కుట్టుమిషన్‌కు కాళ్ళు కావాలె. నర్సు పనికి కాళ్ళు కావాలె. పంతులమ్మ అయితె దినమంత నిలబడాలె. దీనికి కూసుండి చేసే సదువు కావాలె” అన్నాడు. మా వీధి చివర సర్కారు సంగీత పాఠశాల ఉండేది. సాయంత్రాలు అటునుంచి సైకిల్ మీద వచ్చేటప్పుడు బాపు లోపలికి తొంగిచూసేవాడట. “అండ్ల అందరు మంచిగ సాపల మీద కూసుంటరు. గంటలకు గంటలు లేవరు. గదే మన పిల్లకు సరిపోతది” అని తేల్చేశాడు. కూర్చోవడానికి కూడా కాళ్ళు కావాలన్న సంగతి మా ఇంట్లో ఎవరికీ తట్టలేదు. నాకూ తట్టలేదు. నాకు తట్టినదల్లా ఒక్కటే. ఆ బడి కిటికీలోంచి వచ్చే ఫిడేలు చప్పుడుకి నేను చాలాకాలంగా రోజూ ఆ మలుపులో కాలు నొప్పి అని అబద్ధమాడి ఆగుతున్నాను. ఇక ఆ అబద్ధం అక్కర్లేదు.

ఫిడేలు నేర్పే సారు కృష్ణా జిల్లా మనిషి. పొడుగ్గా, ఎప్పుడూ వెల్లవేసినంత తెల్లటి చొక్కాలో ఉండేవారు. మొదటి రోజు నన్ను చాప మీద కూర్చోమన్నారు. నేను ఎడమకాలు మడిచి, కుడికాలు ఆయన వైపు బారుగా చాపి కూర్చున్నాను. పక్కనున్న అమ్మాయిలు గబుక్కున జరిగారు. గురువు ముందు కాలు చాపడం ఏమిటని వాళ్ళ ముఖాల్లో కనిపించింది. సారు మాత్రం నా కాలు వైపు, తన చేతిలోని ఫిడేలు వైపు మార్చి మార్చి చూశారు. మన పద్ధతిలో ఫిడేలు వాయించేవాళ్ళు బాసింపట్టు వేసుకుని, వాద్యం ఒక కొసను గుండెకు ఆనించి, దాని తల భాగాన్ని కుడిపాదం మీద నిలుపుకుంటారని నాకు అప్పుడే తెలిసింది. ఎడమచెయ్యి స్వేచ్ఛగా పైకీ కిందికీ పరుగెత్తాలంటే ఆ పాదం కింద బరువు పట్టి ఉండాలి. అంటే ఆ వాద్యానికి నాలుగు తీగెలూ, ఒక కమానూ, ఒక కుడిపాదమూ కావాలి. నా దగ్గర లేనిది సరిగ్గా అదే.

ఇక పంపించేస్తారనుకున్నాను. సారు పంపించలేదు. ఒక వారమంతా దుప్పట్లు చుట్టి చూశారు, ఇటుకకు గుడ్డ కట్టి చూశారు, పెద్ద నిఘంటువు పెట్టి చూశారు. చివరికి వడ్రంగి చేత పాదమంత ఎత్తున చిన్న చెక్క పీట చేయించి, పైన గుంట తొలిపించి, అందులో మెత్తటి బట్ట అతికించారు. దాన్ని నా కాలి పక్కన పెడితే ఫిడేలు తల అందులో కుదురుగా కూర్చుంది. నేను మాత్రం కాలు ఆయనవైపు చాపి ఉందని సిగ్గుతో చచ్చాను. “అమ్మాయ్, ఆ చాపింది నువ్వు కాదు, ఇనుము. ఇనుముకి మర్యాదలేమిటి? సరళీ స్వరాలు మొదలుపెట్టు” అన్నారు సారు.

తర్వాతి సంవత్సరాలు నా జీవితంలో పొడుగైనవి, బరువైనవి, మంచివి. మొదట్లో నా వాయింపు విన్నవాళ్ళకు అవి మంచివి కావు. అత్త నాకు తోడుగా వచ్చి బడి అరుగు మీద కునికిపాట్లు పడేది. ఇంటికొచ్చాక నేను మళ్ళీ సాధన మొదలుపెడితే, “బిడ్డా, పిల్లి ఎందుకేడుస్తాంది? జర పాలన్న పొయ్యి” అనేది. సారుకి కూడా అదే చెప్పేది. తర్వాత పిల్లి ఏడుపు తగ్గింది. ఒకనాడు నేను మోహన వర్ణం వాయిస్తుంటే అత్త చాటలో బియ్యం ఏరడం ఆపి కూర్చుంది. ఏమీ అనలేదు. మా అత్త ఏమీ అనకపోవడం కన్నా పెద్ద మెప్పు మా వంశంలో ఎవరూ పొందలేదు. నేను సర్టిఫికెట్ పరీక్ష పాసయ్యాను. అది మా బడిలోనే, మా సార్ల ముందే జరిగేది కాబట్టి పీటకు ఇబ్బంది రాలేదు. ఆ ఏడు వార్షికోత్సవంలో నన్ను కూడా వేదిక ఎక్కించారు. చివరి వరుసలో, తంబూరా వెనక. జనానికి కాలు కనపడకుండా దాని మీద శాలువా కప్పారు. ఎండాకాలం. లోపల ఇనుము కాగి, తొడ చెమటతో ఉడికింది. నాకు జీవితంలో ఎవరైనా శాలువా కప్పింది ఆ ఒక్కసారే, అదీ భుజాల మీద కాదు.

డిప్లొమాకు చివరి పరీక్ష కచేరీలాగే ఉంటుంది. పక్కన మృదంగం పెట్టుకుని వేదిక మీద వాయించాలి. పరీక్షకులు బయటి ఊరి నుంచి వస్తారు. అది పాసైతే సంగీతం టీచరు ఉద్యోగానికి అర్హత వస్తుంది, సభల్లో పక్కవాద్యానికి పిలుస్తారు. బాపు మిల్లులో అప్పుడే అందరికీ చెప్పుకున్నాడు. ఆ రోజు వచ్చిన పెద్దాయన చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే నాకు ఇన్నేళ్ళు కోపమైనా మిగిలేది. నేను తీగెలు శ్రుతి చేసుకుంటుంటే కళ్ళు మూసుకుని విన్నారు. తెరిచాక పీటను చూశారు, ఆయన వైపు చాపి ఉన్న బూటును చూశారు.

“నీ చెవి చాలా బాగుందమ్మా. శ్రుతి చేయడంలోనే తెలుస్తోంది. కానీ ఇది కచేరీ పరీక్ష. రేపు సభలో ఈ పీట మోసుకెళ్తావా? పెద్దల ముందు కాలు చాపుకుని వాయిస్తావా? నేను పాస్ చేసినా సభ పాస్ చేయదు” అన్నారు.

మా సారు లేచి నిలబడ్డారు. “అయ్యా, దయచేసి చెవితో వినండి, కంటితో కాదు.”

“కచేరీ కంటికి కూడా కదండీ” అన్నారాయన, ఎంతో నెమ్మదిగా. తర్వాత నన్నే అడిగారు. “ఆ ఇనుము తీసేస్తే కాలు మడుచుకుంటుందా అమ్మా?”

చేత్తో మడిస్తే మడుచుకుంటుంది. అదే చెప్పాను. తెర వెనక అత్త నా పట్టీలు విప్పింది. బకిల్ ఎంతకీ రాలేదు. “వద్దంటె ఇంటికి పోదాం బిడ్డా. ఫికర్ జెయ్యకు, బాపుకు నేను చెప్త” అంది. నేను పోనన్నాను. ఇద్దరు నన్ను మోసుకొచ్చి వేదిక మీద కూర్చోబెట్టారు. నా కాలిని నేనే చేతులతో ఎత్తి, మడిచి, పాదాన్ని అందరికీ ఉన్నచోట అమర్చుకుని, దాని మీద ఫిడేలు తల పెట్టాను. వర్ణం మొదలుపెట్టాను. అప్పుడొక సంగతి జరిగింది. ఆ కాలికి బలం లేదు కానీ స్పర్శ ఉంది. మొదటి షడ్జం లాగగానే ఆ స్వరం చెక్కలోంచి దిగి నా పాదంలో వణికింది. మిగతావాళ్ళందరికీ రోజూ ఇలా తెలుస్తుందా అని నేను ఆశ్చర్యపోయాను. అన్నేళ్ళూ పాదంతో కూడా వినే సంగీతం ఒకటి ఉందని నాకు తెలియనే లేదు. వర్ణం రెండో వరుసలోకి పోయేసరికి ఆ పాదం నిద్రపోయిన పిల్లవాడి తలలా మెల్లగా పక్కకు ఒరిగింది. ఫిడేలు జారింది. పట్టుకుని మళ్ళీ పెట్టాను. మళ్ళీ ఒరిగింది. మృదంగం ఆయన చేతులు ఆపేశాడు. నేను ఒంటరిగా ఇంకొంచెం వాయించాను. మూడోసారి వాద్యం నేలకు తగలబోతే దాన్ని ఒడిలోకి లాక్కున్నాను.

“చాలమ్మా” అన్నారు పెద్దాయన. ఆయన కళ్ళలో నీళ్ళున్నాయి. ఫెయిల్ చేశారు.

సారు ఊరుకోలేదు. పీటతో వాయించడానికి అనుమతి కావాలని పైకి రాశారు. స్వయంగా హైదరాబాద్ పోయి వచ్చారు. ఒక ఆఫీసరు నవ్వి, గాత్రంలోకి మార్చమన్నాడట. నా గొంతు సంగతి మా అత్తకు తెలుసు. అయినా గొంతు ఉన్నా ఆ కాలు అక్కడే ఉంటుంది కదా. మరుసటి ఏడు పరీక్షల ముందే, అమ్మాయి మళ్ళీ అవమానపడటం దేనికని బడి పెద్దలే నాకు నచ్చజెప్పారు. అందరూ నా మంచికే చెప్పారు. ఆ తర్వాత సారుకి బదిలీ అయి సొంత జిల్లాకు వెళ్ళిపోయారు. కొత్తగా వచ్చినాయన పీటను బడి స్టోర్ గదిలో పెట్టించారు. నేను వెళ్ళి అడిగి తెచ్చుకున్నాను. కొన్నాళ్ళు ఇంట్లో వాయించాను. ఎవరూ ఆపమనలేదు. కానీ ఆ పైన ఏం నేర్చుకోవాలో చెప్పేవాళ్ళు లేరు, నేర్చుకుని ఎక్కడికి పోవాలో నాకు తెలియదు. వికలాంగుల కోటాలో ఒక ఆఫీసులో టైపిస్టు ఉద్యోగం వచ్చింది. చేరిన కొత్తలో అక్కడి సూపరింటెండెంటు, “ఈ అమ్మాయి వేళ్ళు ఎంత మంచిగ నడుస్తాన్నయో” అని అందర్నీ పిలిచి చూపించాడు. కుర్చీలో కూర్చుని, కాళ్ళు బల్ల కింద పెట్టుకుని చేసే పని. బాపు కోరుకున్నట్టే అయింది. గోడకు వేలాడిన ఫిడేలు తీగెలు ఎండాకాలాల్లో ఒక్కొక్కటే తెగిపోయాయి. నేను మళ్ళీ వేయించలేదు.

తర్వాత కొన్నేళ్ళకు ఆఫీసు పని మీద హైదరాబాద్ పోవడానికి కాజీపేట స్టేషన్‌లో కూర్చున్నాను. నా ముందే విజయవాడ పోయే బండి ఆగింది. కిటికీలో సారు. జుట్టు పూర్తిగా తెల్లబడింది, చొక్కా మాత్రం అంతే తెల్లగా ఉంది. గుర్రాన్ని ఈడ్చుకుంటూ కిటికీ దగ్గరికి పోయాను. నన్ను చూసి ఆయన ముఖం వెలిగింది. బాపు బాగున్నాడా అని అడిగారు. ఇంకా పిల్లి ఏడుస్తోందంటోందా మీ అత్త అని అడిగారు. అత్త పోయిందని చెప్పాను. ఉద్యోగం గురించి అడిగారు, మంచిదన్నాను. ఫిడేలు గురించి మాత్రం అడగలేదు. గార్డు విజిల్ వేశాక, ఊచల మధ్య నుంచి చెయ్యి చాచి నా ఎడమచెయ్యి అందుకున్నారు. తీగెలు నొక్కి నొక్కి కాయలు కాసిన వేళ్ళు ఒకప్పుడు అవి. ఒక్కో వేలి కొసను బొటనవేలితో నొక్కి చూశారు, వైద్యుడు చూసినట్టు.

“మెత్తబడ్డాయమ్మా” అన్నారు.

బండి కదిలింది. చెయ్యి వదిలేశారు. నేను అక్కడే నిలబడి నా వేళ్ళు చూసుకున్నాను. ఏ తల్లి చేతులైనా, ఏ గుమాస్తా చేతులైనా ఇలాగే ఉంటాయి. అవి గట్టిపడటానికి ఎన్ని సాయంత్రాలు పట్టాయో నాకు బాగా గుర్తుంది. మెత్తబడటానికి ఎంత కాలం పట్టిందో మాత్రం ఎంత ఆలోచించినా తెలియలేదు. ఆ కాలం ఒక్కనాడైనా చప్పుడు చేయలేదు.