మిద్దె మీది ఎర్ర పర్దా

ఆ రోజుల్లో ఇల్లు అలంకరించుకోవడమంటే గోడలకు సున్నం, గోడల అడుగున జాజు పట్టీ, గడపకు పసుపు. అంతటితో పని ఖతం. ఏడాదికోసారి ఆ పని చేసేసి మళ్ళీ పండగ దాకా గోడల వంక చూసే తీరిక ఎవరికీ ఉండేది కాదు. చూసేవాడు కనిపిస్తే వాడికి వేరే పని లేదని వీధి వీధంతా తేల్చేసేది. అలాంటి కాలంలో, సూర్యాపేటలో రెండు గదుల మిద్దె ఇంట్లో కిరాయికి ఉంటూ, ఎరుపు రంగుతో ఇంటికి అందం తేవాలని పూనుకున్న మహానుభావుణ్ణి నేను. తలుచుకుంటే నవ్వు కంటే ముందు నీరసం వస్తుంది. ఆ ఒక్క రోజు పడ్డ అలసట ఇంకా నా మోకాళ్ళలో ఎక్కడో మిగిలే ఉందని నా అనుమానం (డాక్టరు వాతం అంటాడు. ఆయనకు ఈ సంగతి తెలియదు).

అప్పటికి నాకు ఇరవై మూడేళ్ళు. తహశీలు కచేరీలో కొత్తగా గుమాస్తాగిరీ దొరికింది. పెళ్ళయి రెండేళ్ళయినా భార్య ఇంకా మిర్యాలగూడలో పుట్టింట్లోనే ఉంది. నైజాం పాలన పోయి ఏడాది కాలేదు. ఊళ్ళలో రాత్రికి రాత్రి కమ్యూనిస్టుల ఎర్రజెండాలు లేవడం, తెల్లారేసరికి పోలీసులు వచ్చి జెండా ఎవరు కట్టారో చెప్పమని దొరికినవాణ్ణల్లా పట్టుకుపోవడం మామూలైపోయింది. మా మామ స్వతహాగా భయస్థుడు. "లొల్లి తగ్గనియ్యి, తోలిస్త" అంటూ రెండుసార్లు ముహూర్తం వాయిదా వేశాడు. చివరికి ఒక ఉత్తరం రాశాడు. శుక్రవారం పిల్లను వెంటబెట్టుకొని వస్తాననీ, ఇల్లూ వాడా నిమ్మళంగా ఉంటే దింపి పోతాననీ, ఏ కొంచెం తేడా ఉన్నా సాయంత్రం బస్సుకే వెనక్కి తీసుకుపోతాననీ, ఆ తర్వాత ఇక తనను అడగొద్దనీ దాని సారాంశం.

ఆ ఉత్తరం చదివి బుద్ధి ఉన్నవాడెవడైనా ఇల్లు ఊడ్చుకుంటాడు. నేను అలంకరణ గురించి ఆలోచించాను. అంతకు నెల ముందు కాగితాలు ఇవ్వడానికి హైదరాబాదులో ఒక పెద్ద అధికారి బంగళాకు వెళ్తే, ఆ ఇంటి దొరసాని ఎవరో చుట్టాలకు చెబుతుంటే విన్నాను. గది తెల్లగా ఉండాలట, ఎరుపు మూడు చోట్ల మాత్రమే ఉండాలట, అప్పుడు చూపు అక్కడక్కడ ఆగుతుందట. నిజంగానే తెల్లటి గోడల మధ్య ఆ ఎర్ర పర్దాలు, ఎర్ర దిండ్లు తెల్లటి మొహం మీద బొట్టులా ఉన్నాయి. ఆ బొట్టు మా ఇంటికీ పెట్టాలని నిశ్చయించుకొని బజారుకు పోయాను. ఎర్ర గుడ్డ కావాలనగానే దుకాణం సేటు అటూ ఇటూ చూసి గుడ్డ తాను మొత్తం బయటికి తీసి, అడిగిన ధరకే ఇచ్చేసి, "తీస్కపో బాబూ, జల్ది తీస్కపో" అని చేతులు దులుపుకున్నాడు. బేరమాడటంలో నాకు నేనే సాటి అనుకుంటూ ఇంటికి వచ్చాను. ఎర్ర గుడ్డ కొన్నవాణ్ణి పోలీసులు పిలిచి అడుగుతున్నారని, అందుకే ఊళ్ళో ఒక్కరూ దాని జోలికి పోవడం లేదని తెలియనిది నాకొక్కడికే. నిజం చెప్పాలంటే వినే ఉంటాను. జెండాల గొడవ జెండాలది, నా పర్దాల గొడవ నాది అనుకున్నాను.

శుక్రవారం పొద్దున్నే, కుట్టించి తెచ్చిన పర్దాను మురికి పోతుందని నీళ్ళ గోలెంలో ముంచాను. నీళ్ళు నెత్తుటి మడుగయ్యాయి. అదే గోలెంలో నా ధోవతీ కమీజూ కూడా ఉన్నాయని తర్వాత గుర్తొచ్చింది. తీసి చూస్తే రెండూ గులాబీ రంగు. ఉన్న మంచి జత అదే, వేరే గతిలేక పిండి, సగం ఆరాక అదే కట్టుకున్నాను. పర్దాను వాకిట్లో దండెం మీద వేయబోతుంటే ఇంటి యజమానురాలు అడ్డం వచ్చింది. అందరూ కోదాడ పిన్ని అనే ఆ విధవరాలికి ఈ ఇల్లు కాక ఉన్న ఆస్తి నాలుగు తెల్ల చీరలు. "నా చీరల పక్కన అది ఆరేశావంటే ఊరుకోను అబ్బాయ్, ఇంకెక్కడన్నా చూసుకో" అంది. ఇంకెక్కడో అంటే మిద్దె మీదే. పైన గాలి విసురుకు గుడ్డ నిలవడం లేదు. మూలన ఒక వెదురు బొంగు కనిపిస్తే దాన్ని పిట్టగోడ సందులో నిలబెట్టి, పర్దా రెండు కొసలూ దానికి గట్టిగా కట్టి, ఎంత బాగా రెపరెపలాడుతోందో అని ఒక నిమిషం నిలబడి చూసి మరీ దిగాను.

గంట కాకముందే పోలీసు జమేదారు ఇద్దరు జవాన్లతో వచ్చాడు.

"ఎవలిదిరా గా జెండా?"

"జెండా కాదు సాబ్, పర్దా."

"పర్దా కిటికీకుంటది. మిద్దె మీద బొంగుకెందుకున్నది?"

ఆరేశానంటే నమ్మలేదు. ఎర్రదే ఎందుకన్నాడు. బాగా విడమరిచి చెబితే అర్థమవుతుందనుకొని దొరసాని సిద్ధాంతం మొత్తం వినిపించాను. ఆయన ఓపిగ్గా విని, "మూడు తావులల్లనా? మిగిలిన రెండు ఏడ గట్టినవ్?" అన్నాడు. జవాన్లు లోపలికి పోయి మిగిలిన తాను పట్టుకొచ్చారు. అంత ఎర్ర గుడ్డను ఒక్కచోట చూస్తే నాకే నా మీద అనుమానం వచ్చింది.

"పెండ్లాం వస్తున్నదని తెచ్చిన సాబ్."

"ఏదీ పెండ్లాం?"

"ఇంకా రాలే."

జమేదారు టోపీ తీసి గడప మీద కూలబడ్డాడు. "పొద్దటి సంది ఇది నాలుగో మిద్దె. ఒకడు మిరపకాయలు ఆరబోసిండు, ఒకామె చీర ఆరేసింది. పెన్‌పహాడ్ దిక్కు జెండాలు లేస్తున్నయని, ఈడ ఎర్రగ కనవడ్డదల్ల ఎక్కి సూడుమంటరు. నా కాళ్ళు నావి గావు. నిజం జెప్పు పిలగా, పోలీసు క్యాంపుకు పోదాం, ఇద్దరం జర కూసుంటం." కోదాడ పిన్ని తలుపు చాటు నుంచి, "దండెం మీద వద్దన్నాను గానీ మిద్దె ఎక్కమని నేను చెప్పలేదయ్యా" అని తన వంతు సాక్ష్యం చెప్పింది.

సరిగ్గా అప్పుడే, మామ బస్సు దిగి కట్టించుకున్న ఎడ్లబండి వాకిట్లో ఆగింది. ముందు ఆయన, వెనక తల వంచుకొని నా భార్య. జమేదారు లేవకుండానే అడిగాడు.

"పెద్దమనిషీ, ఈ పిలగాడు నీ అల్లుడేనా?"

మామ నా గులాబీ ధోవతి చూశాడు. మిద్దె మీద ఎగురుతున్నదాన్ని చూశాడు. జవాను చేతిలోని తాను చూశాడు. ఆయన చేయి బండివాడి భుజం మీద పడింది, తిప్పమని. ఆయన్ను తప్పుపట్టను. ఒక్క మాటకు మనుషులు మాయమవుతున్న రోజులవి. కానీ ఆ బండి తిరిగితే నేను క్యాంపుకు, ఆమె మిర్యాలగూడకు, ఇక జన్మలో కలిసేది లేదు.

ఆమె బండి దిగింది. అప్పటిదాకా ఆమె గొంతు నేను విననేలేదు.

"నా పెనిమిటే సాబ్. ఎర్ర పర్దాలు కావాల్నని నేనే కబురు పెట్టిన. నాకు ఎరుపంటే పానం."

"గింత లొల్లిల ఎరుపేంది బిడ్డా, ఇంక రంగులే లేవా?"

"ఇష్టం అడిగి రాదు గద సాబ్."

జమేదారు ఆమెను కాసేపు చూసి, మోకాళ్ళు పట్టుకొని లేచాడు. పొద్దు గూకేలోగా ఆ గుడ్డంతా నీలిమందులో ముంచకపోతే మళ్ళీ వస్తానని, తనను మళ్ళీ నడిపించొద్దని బతిమాలినట్టే చెప్పి వెళ్ళాడు. కూతురిని వెనక్కి తీసుకుపోతే ఆమె చెప్పింది అబద్ధమని తేలిపోతుంది కాబట్టి మామ ఒక్కడే సాయంత్రం బస్సెక్కాడు. మా కాపురంలో మొదటి పని, ఇద్దరం చెరో కట్టె పట్టుకొని గోలెంలో ఆ తాను తిప్పడం. అది ముదురు వంకాయ రంగుకు తిరిగింది. ఆ పర్దాలు కట్టాక మా గదిలో మిట్టమధ్యాహ్నం కూడా దీపం పెట్టుకోవాల్సి వచ్చేది.

ఎర్రజెండాల గొడవ సద్దుమణిగాక ఆమె ఇష్టం తీర్చడం నా బాధ్యత అనుకున్నాను. ప్రతి పండక్కీ ఎర్ర చీరే తెచ్చాను. ఎర్ర గాజులు, ఎర్ర శాలువా, ఎర్ర పూల దుప్పటి, చివరికి ఎర్ర రంగు బీరువా. ఆమె అన్నీ కట్టుకుంది, కప్పుకుంది, తుడుచుకుంది. నాకు అరవై దాటాక ఒక ఉగాదికి మరో ఎర్ర చీర తెచ్చి ఒళ్ళో పెడితే మడత కూడా విప్పలేదు.

"ఇగ నాతోని కాదు. చిన్నప్పటి సంది నాకు ఎరుపంటే పడదు."

"మరి ఇన్నేండ్లు ఎందుకు చెప్పలే?"

"జమేదారు ముందర జెప్పిన మాటాయె. ఎన్కకు తీస్కుంటే మల్ల మీ మీదికి వస్తదని మొదట్ల భయమయ్యింది. తర్వాత చెప్పనీకి బద్ధకమయ్యింది."

ఇద్దరం నవ్వాం, ఓపిక ఉన్నంత మేరకు. రంగుల మర్మం తెలిసినవాణ్ణని ఎర్ర తాను చంకన పెట్టుకొని బజారులో నడిచిన ఆ కుర్రవాడి మీద నాకు కోపం లేదు, జాలే. ఎక్కడో దొరసాని మాట అంత శ్రద్ధగా విన్నవాడు, వచ్చే మనిషికి ఏ రంగు ఇష్టమో ఒక కార్డు ముక్క రాసి అడగలేదు. ఆ ప్రశ్న ఆ ఉగాదినాడు నేనడిగాను, దాదాపు నలభై ఏళ్ళు ఆలస్యంగా.

"చిలకపచ్చ" అంది, ఒక్క క్షణమైనా ఆలోచించకుండా.