గంట పోయిన పేజీ

మా లైబ్రరీలో పుస్తకాలకు అట్టలు కట్టే ఆయన్ని ఊరంతా అట్టలాయన అనే పిలుస్తుంది. అసలు పేరు జీతాల రిజిస్టరులో ఉంది గానీ, దాన్ని నోటితో పలికిన గుర్తు నాకూ లేదు. చినిగి చీకిపోయిన పుస్తకం ఆయన బల్ల మీదికి వెళ్తే వారం తిరిగేసరికి కొత్త వీపుతో లేచి కూర్చుంటుంది. సూదిలో దారం ఎక్కించగానే కళ్ళు మూసుకుని ఒక్క క్షణం ఆగుతాడు. "ఎవరికయ్యా ఆ దణ్ణం?" అని ఒకసారి అడిగాను. "పైవాడికేనమ్మా. ఇవాళ కూడా బెజ్జం కనిపించినందుకు" అన్నాడు. అప్పటినుంచి నేను కూడా కళ్ళజోడు పెట్టుకునే ముందు ఒక దణ్ణం పెట్టుకుంటున్నాను.

బడిలో పాఠాలు చెప్పడం మానేశాక, సాయంత్రాలు ఈ లైబ్రరీ చూసుకునే పని నాకు అప్పజెప్పారు. తొమ్మిదేళ్ళయింది. బీరువాల్లో లావుపాటి పుస్తకాలు చాలానే ఉన్నాయి. యుద్ధాల గురించి, మహానగరాల గురించి, సముద్రాలు దాటినవాళ్ళ గురించి. వాటిని ముట్టుకునేది నా దుమ్ముగుడ్డ ఒక్కటే. బీరువాలో ఒక్క పూట కూడా నిలవని పుస్తకం మాత్రం ఒకటుంది. వెనకటికి పోస్టాఫీసు కౌంటర్లో స్టాంపులమ్మిన ఒకాయన మా ఊరి మీద రాసిన కథలు అవి. అందులో రాజులు లేరు, హత్యలు లేవు. మిల్లు గేటు ఉంది, బడి ఉంది, కుట్టుమిషన్ల వీధి ఉంది, వానొస్తే మోకాలి లోతు నీళ్ళు నిలిచే బస్టాండు ఉంది. ఎవరూ గుర్తుపట్టకూడదని పాపం ఆయన పేర్లన్నీ మార్చి రాశాడు. గుర్తుపట్టనివాళ్ళు ఒక్కరూ లేరు. "ఇదిగో, మా మేనత్త! నోటికి చెంగు అడ్డం పెట్టుకుని నవ్వడం చూడు!" అని ఒకామె గట్టిగా అరిచి, పక్కవాళ్ళు ఉష్ అంటే తనూ నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. గ్రూపు ఫొటో చేతికొస్తే ముందు మన మొహమే కదా వెతుక్కుంటాం. మా ఊరివాళ్ళు ఆ పుస్తకాన్ని అలా చదువుతారు. తమ వీధి అచ్చులో కనిపిస్తే, తామూ లెక్కలో ఉన్న మనుషులమేనని వాళ్ళకి ధైర్యం.

అందులో అందరికీ ఇష్టమైనది ఎనభై ఏడో పేజీ. బడి ప్యూను ఒకడు ఇత్తడి గంటను గోనెసంచిలో చుట్టి ఎత్తుకుపోయి పొరుగూళ్ళో అమ్మేస్తాడు. గంట లేక పిల్లలకు ఇంటికెప్పుడు పోవాలో తెలియదు, మేష్టార్లకు పాఠం ఎప్పుడు ఆపాలో తెలియదు. ఒకరోజు పొద్దుగూకేదాకా లెక్కలే నడుస్తాయి. పేజీ తిప్పితే, ఎనభై ఎనిమిదిలో, ఎదురుగా ఉన్న మిల్లు గేటు కాపలాదారు వస్తాడు. అతనిది పిడుగులాంటి గొంతు. కొత్త గంట వచ్చేదాకా మూడు నెలలు అతనే గేటు దగ్గర నిలబడి, "పీరియడయిందర్రో!" అని కేక పెడతాడు.

ఆ కాపలాదారు భార్య ఇంకా ఉంది. మేమంతా పెద్దమ్మ అంటాం. చూపు పోయింది. ప్రతి గురువారం గోడ పట్టుకుని వచ్చి నా పక్కన కూర్చుంటుంది. నేను ఆ రెండు పేజీలూ చదివి వినిపిస్తాను. పిల్లలకు చెప్పి చెప్పి నోటికి వచ్చిన అలవాటు, ఉత్తినే చదవలేను. ప్యూను దొంగనడక నడిచి చూపిస్తాను, సంచిలో గంట ఠంగుమంటే వాడు ఉలిక్కిపడడం అభినయిస్తాను. చదువుకునేవాళ్ళంతా పేపర్లు దించి నవ్వుతారు. అట్టలాయన మాత్రం మూల బల్ల దగ్గర అప్పుడప్పుడు దగ్గుతూ, తల వంచుకుని కుట్టుకుంటూ ఉంటాడు. పని మీద ఎంత శ్రద్ధో అనుకునేదాన్ని.

మొన్న వానాకాలంలో ఒక గురువారం పుస్తకం తెరిస్తే ఎనభై ఆరు తర్వాత ఎనభై తొమ్మిది ఉంది. మధ్య కాగితం లేదు. చింపింది కాదు. గీత గీసినట్టు, లోపలి మడత దగ్గర సాఫీగా కోసి ఉంది.

"ఏమ్మా, ఆగిపోయావు?" అంది పెద్దమ్మ.

"పేజీ లేదు పెద్దమ్మా. ఎవరో కోసుకుపోయారు."

ఆమె చెయ్యి చాచి పుస్తకాన్ని తడిమింది. కోసిన అంచు వేలికి తగిలింది కాబోలు, అక్కడే వేలు ఆపి, "మా ఆయన గొంతు అందులోనే కదమ్మా ఉంది" అంది. అంతే. ఏడవలేదు. గోడ పట్టుకుని వెళ్ళిపోయింది.

నాకు ఒళ్ళు మండింది. రిజిస్టరు తీశాను. ఆఖరున పుస్తకం తీసుకెళ్ళింది టైలరు. వీధి చివర కొట్టు. కోసిన తీరు చూడు, కత్తెర పట్టే చెయ్యి కాక ఇంకెవరిది అనుకున్నాను. మర్నాడు ఆయన పేపరు కోసం వస్తే అందరి ముందూ నిలబెట్టాను.

"నేనెందుకు కోస్తానమ్మా? ఆ పేజీ నాకు కంఠతా వచ్చు" అన్నాడాయన నవ్వుతూ.

"నవ్వకండి. కార్డిలా ఇవ్వండి."

అప్పుడు నవ్వు ఆపాడు. "టీచరమ్మా, నా కత్తెర గుడ్డకు తప్ప దేనికీ పెట్టను. కాగితం కోస్తే మొండిదైపోతుంది. మా ఆవిడ క్యాలెండరు కాగితం కోసిందని రెండు రోజులు మాట్లాడలేదు నేను. కావాలంటే అడగండి."

నేను వినలేదు. కార్డు తీసుకుని సొరుగులో వేసి, ఇక లోపలికి రావద్దన్నాను. ఆయన మూల బల్ల వైపు తిరిగి, "చూశావా బావా, ఈ వయసులో దొంగనయ్యాను" అన్నాడు. వాళ్ళిద్దరికీ చుట్టరికం లేదు. ముప్పై ఏళ్ళ ఎగతాళి వరస అది. పుస్తకాల వీపులకు అంటించే గుడ్డముక్కలు ఆ టైలరు కొట్టునుంచే వస్తాయి. మిగిలినవన్నీ ఏరి, ఇస్త్రీ చేసి, మూటకట్టి ప్రతి సోమవారం తెచ్చిస్తాడు. బావా అంటే చాలు, అట్టలాయన ఏదో ఒక జవాబు విసిరేవాడు. ఆరోజు మాత్రం జిగురు గిన్నెలోకి చూస్తూ ఉండిపోయాడు.

సోమవారం నేను తాళం తీయడానికి వచ్చేసరికి గుమ్మం ముందు మూట ఉంది. గుడ్డముక్కలు. ఎప్పటిలాగే ఇస్త్రీ మడతలతో. లోపలికి రావద్దన్నాం కనుక, మనిషి గడప దాకా వచ్చి పెట్టి వెళ్ళాడు. నేను దాన్ని చూస్తూ నిలబడి ఉండగానే అట్టలాయన వచ్చాడు. మూట చూశాడు. వంగి తీసుకుని గుండెకు హత్తుకున్నాడు. తర్వాత అక్కడే మెట్టు మీద కూలబడ్డాడు.

"ఆయన కార్డు ఆయనకిచ్చేయండి టీచరమ్మా. కోసింది నేను."

నేనూ ఆయన పక్కనే మెట్టు మీద కూర్చున్నాను.

"ఆ ప్యూను మా నాన్న" అన్నాడు.

గంట పోయినప్పుడు ఈయనకు ఎనిమిదేళ్ళట. అదే బడి. గంట సంగతి బయటపడ్డాక పిల్లలు వెనకాల ఠంగు ఠంగు అంటూ నడిచేవారట. తల్లి బడి మాన్పించి, వీధి మార్చేసింది. అన్నేళ్ళు గడిచాక పుస్తకం వచ్చింది. తిరిగి తిరిగి అది ఆయన బల్ల మీదికే చేరింది. నాలుగుసార్లు తన చేతులతోనే కుట్టాడు, ఆ పేజీతో సహా.

"ఎందుకు తీశారయ్యా మీ నాన్న ఆ గంటని?"

"తెలీదమ్మా. ఆయన చెప్పలేదు. నేనడగలేదు."

ఇన్నేళ్ళు ఓర్చుకున్నవాడు ఇప్పుడెందుకు కోశాడంటే, ఇంట్లోకి కొత్తగా కోడలు వచ్చింది. చదువుకున్న పిల్ల. వచ్చిన వారానికే, "మావయ్యగారూ, అందరూ చెప్తున్న ఆ పుస్తకం నాకూ తెచ్చిపెట్టరూ" అని అడిగిందట. మావయ్య పుస్తకాలకు ప్రాణం పోస్తారని పుట్టింటికి ఫోను చేసి గొప్పగా చెప్పుకునే పిల్ల. ఆ పిల్ల కళ్ళు ఆ పేజీ మీద పడతాయని తలుచుకుంటేనే ఆయనకు చెమటలు పట్టాయి. రిపేరుకని చెప్పి పుస్తకం తన బల్ల మీదికి తీసుకున్నాడు. రిపేరుకు వెళ్ళినవి మేము రిజిస్టరులో రాయం. అట్టలు కోసే బాకుతో ఆ ఒక్క కాగితం తీసేసి, మడతకు అవతల ఉన్న దాని జత కాగితం ఊడిపోకుండా జిగురు కూడా పెట్టి, ఇంటికి పట్టుకెళ్ళాడు. కోడలు రెండు రోజుల్లో చదివేసింది. "చాలా బాగుంది మావయ్యగారూ. బడి దగ్గర ఒక కాగితం పోయినట్టుంది, దొరికితే మీరే అతికించండి" అందట.

"పెద్దమ్మ సంగతి గుర్తులేదా మీకు?"

"ముందు పేజీ ఒక్కటే కనిపించిందమ్మా నా కంటికి. బాకు పట్టుకున్నప్పుడు కాగితానికి రెండో వైపు ఉంటుందని తోచలేదు. నలభై ఏళ్ళుగా కాగితంతోనే బతుకుతున్నాను." ఇలా అని మూటలో మొహం దాచుకున్నాడు. "బావని దొంగని చేస్తుంటే నోరు మూసుకుని కూర్చున్నాను. మా నాన్న గంటే తీశాడు. నేను మనిషినే తీసేశాను."

ఆయన్ని ఓదార్చే అర్హత నాకు లేదు. తొమ్మిదేళ్ళు ఆయన తండ్రి దొంగనడకను ఆయన ముందే నడిచి చూపించి, నలుగుర్ని నవ్వించింది నేను. దేవుడా, ఏ బడిలో చదువుకున్నాను, ఏ బడిలో చెప్పాను అనిపించింది.

ఇద్దరం కొట్టుకు వెళ్ళాం. కార్డు మిషను మీద పెట్టి, అందరి ముందూ అన్న మాటను వీధిలో నిలబడి వెనక్కి తీసుకున్నాను. అట్టలాయన అంతా చెప్పాడు. టైలరు మిషను తొక్కడం ఆపకుండా విన్నాడు. చివరికి, "నీ బాకు పదును మెచ్చుకోవాలి బావా. టీచరమ్మ అది నా కత్తెరే అనుకుంది" అన్నాడు. ఆయన నవ్వించాలనే అన్నాడు గానీ మా ఇద్దరికీ నవ్వు రాలేదు. మళ్ళీ ఆయనే, "ఆ నీలం ముక్క గట్టిగా ఉంటుంది. దాంతో అతికించు" అన్నాడు.

కాగితం పారేయలేదాయన. రెండు అట్టల మధ్య నలక్కుండా దాచాడు. నీలం గుడ్డపట్టీ వేసి మళ్ళీ చేర్చాడు.

గురువారం పెద్దమ్మ వచ్చింది. నేను పుస్తకం తెరిచి, ఎనభై ఎనిమిదో పేజీతో మొదలుపెట్టాను. రెండు మాటలు చదవగానే ఆపేసింది.

"అదేంటమ్మా, గంట పోందే మా ఆయన ఎలా వస్తాడు? ముందునుంచి చదువు."

నేను పేజీ వెనక్కి తిప్పి ఆగాను. మూల బల్ల దగ్గర కుర్చీ జరిగిన చప్పుడైంది. అట్టలాయన వచ్చి నా చేతిలోంచి పుస్తకం తీసుకున్నాడు. నిలబడే చదివాడు. ప్యూను గోనెసంచి విప్పడం, గంట ఠంగుమనడం, అన్నీ నెమ్మదిగా, కూడబలుక్కున్నట్టు. ఒక్కరూ నవ్వలేదు. కేక దగ్గరికి వచ్చేసరికి మాత్రం గొంతెత్తి అరిచాడు. పెద్దమ్మ మొహం విచ్చుకుంది.

"పెద్దమ్మా, ఆ ప్యూను మా నాన్న" అన్నాడు చదవడం అయ్యాక.

"తెలుసు నాయనా. నీ దగ్గు మీ నాన్న దగ్గే. ఎదురుగా గేట్లోంచి ఎన్నేళ్ళు విన్నామని!"

"తెలిసీ ఊరుకున్నావా ఇన్నాళ్ళూ?"

"చెప్పుకోవాలనుంటే నువ్వే చెప్తావు కదా అనుకున్నాను."

ఆ మాటతో ఆయన భారం దిగుతుందనుకున్నాను. దిగలేదు. ఇన్నేళ్ళు ఆయన పరువు కాచిన మనిషి దగ్గరే ఆమె భర్త గొంతున్న కాగితం కోసుకుపోయాడు కదా. పుస్తకం నా ఒళ్ళో పెట్టి, తల ఇంకా కిందికి దించుకుని బల్ల దగ్గరికి వెళ్ళిపోయాడు. ఆ రాత్రి పుస్తకాన్ని మళ్ళీ ఇంటికి తీసుకెళ్ళాడు, ఈసారి రిజిస్టరులో రాయించి. కోడలు ఏమందో నాకు చెప్పలేదు. నేనడగలేదు.

ఇప్పుడు గురువారాలు ఆయనే చదువుతాడు. నీలం పట్టీ దళసరి కావడం వల్ల, ఎవరు చేతిలోకి తీసుకున్నా ఆ పుస్తకం ముందు అక్కడే తెరుచుకుంటుంది. "కాస్త పల్చటి గుడ్డ వేయరాదూ?" అని అడిగాను. "వద్దమ్మా, అలాగే ఉండనీండి" అని సూదిలో దారం ఎక్కించుకున్నాడు.