ఎండకాలంల మా బాపమ్మ బతుకమ్మ

నిన్న మా వాకిట్ల ఏమైందో కోరుట్లల మా గల్లీ మొత్తానికి ఎరుక. దుబాయిల మా బాపుకు గూడ ఎరుక. తడిసిన, వడ్డ, నవ్వులపాలైన. అయినా ఛాతీ విరుచుకొనే చెప్తున్న, వినుండ్రి!

మా బాపు వాళ్లమ్మ, అంటే మా బాపమ్మ, జిందగీ మొత్తం ఒక్కకాడ కూసొని బీడీలు చేసింది. ఈ మధ్య మతిమరుపు మొదలైంది. ఒకనాడు పొయ్యి మీద పాలు వెట్టి మరిచిపోతే గిన్నె నల్లగ మాడింది. గంతే! బాపు దుబాయికెల్లి ఆర్డరేసిండు: "అమ్మను గ్యాస్ కాడికి రానియ్యకుండ్రి."

పొయ్యి మా అమ్మ చేతికి వోయింది. బాపమ్మ మాత్రం అన్నం తింటున్నా కిచెన్ దిక్కే చూసుడు. నాకు పానం ఆగలే. జగిత్యాలల డాక్టరమ్మ కాడికి తీస్కవోయిన.

"ఒక్కకాడ కూసోనియ్యకు. నడిపియ్యి, ఆడిపియ్యి. పెద్ద వయసుల గది ఒంటికే కాదు, మెదడుకు గూడ మంచిది. మతిమరుపు మొత్తం పోతదని చెప్పను గని, ఎంతో కొంత ఆసరైతది" అన్నది.

నేనా, ఊకె కూసునే రకం కాదు. రాత్రంత వీడియోలు చూసి నేర్సుకొని పొద్దుగాల "వన్, టూ" అని మొదలువెట్టిన. బాపమ్మ నా దిక్కు చూసి, "నేనేమన్న పోలీస్ సెలక్షన్లకు పోతున్ననా పొల్లా?" అన్నది.

అప్పుడచ్చింది ఐడియా. బతుకమ్మ! వంగుడు, లేసుడు, చప్పట్లు, తిరుగుడు, పైకెల్లి పాట యాదివెట్టుకునుడు. ఇంతకంటె ఎక్సర్‌సైజ్ ఏమున్నది? ఎండకాలంల పూలెక్కడియి, వాకిట్ల ప్లాస్టిక్ స్టూల్ వెట్టి దాని చుట్టు రోజు సాయంత్రం ఆడుడు షురూ జేసినం. బాపమ్మ దాచుకున్న సిరిసిల్ల చీర గూడ తీసింది!

నిన్న పక్కింటి రాజవ్వ గోడ మీదికెల్లి తొంగిచూసింది. "ఏందే, గీ ఎండలల్ల బతుకమ్మేంది?"

మెదడు కోసమంటే బాపమ్మ ఇజ్జత్ పోతదని నోటికచ్చింది అనేసిన. "వానలు పడాలని మొక్కుకున్నం అత్తా!"

అనకుంటె అయిపోవు. జరసేపట్ల గల్లీల ఆడోళ్లంత నీళ్ల బిందెలతోని దిగిండ్రు! "ఆగుండ్రి, ఆగుండ్రి" అంటనే ఉన్న. "వానమొక్కు అన్నంక నీళ్లు పొయ్యకపోతె ఎట్ల?" అని రాజవ్వ నా నెత్తి మీద బిందె కుమ్మరించింది. వాకిలి మొత్తం బురద.

గా బురదల బాపమ్మ పాట ఎత్తుకున్నది. ఒక్క చరణం తప్పలే. ఒక్క అడుగు తడబడలే. అందరు ఆమె ఎంబడే. నేను మురిసిపోయి ఆమెనే చూసుకుంట ఎదురు దిక్కుకు తిరిగిన. రాజవ్వకు తాకి, జారి, స్టూల్ తోని సహా దబ్బున వడ్డ!

రాజవ్వ కోడలు గిదంత వీడియో తీసి దుబాయిల ఉన్న మొగనికి పంపింది. ఆయనది మా బాపుది ఒకటే రూమ్. నేను బురదల నుంచి లేవకముందే ఫోన్ మోగింది.

"అమ్మకు ఏమైంది? ఎవరు వడ్డరు?"

బాపమ్మ ఫోన్ గుంజుకున్నది. "నాకేం కాలేదురా. నీ బిడ్డ వడ్డది, మడిమె బెణికింది. గద్సరే, పోయినవారం పన్ను నొస్తుందంటివి, తగ్గిందా? ఇయ్యాల నీకు సెలవు గదా, బువ్వ వండుకున్నవా?"

బాపు పక్కాయన ఫోన్ల వీడియో మల్లొకసారి చూసిండు.

"పాట మొత్తం పాడినవే అమ్మా!"

"పాడక? మరి నా పొయ్యి సంగతేంది?"

"ఎవరన్న పక్కకుంటె ఛాయ్ వెట్టుకో. నీ పొయ్యి నీకే. పొల్లను మాత్రం వాకిట్లకు రానియ్యకు!"