ముప్పై అయిదో పేపరు

శనివారం వచ్చిందంటే ఆ స్కూలు క్వార్టర్స్‌లో టీచర్లకి రెక్కలొస్తాయి. పరాయి దేశం వచ్చాం కదా అని ఊళ్ళు చూడ్డానికి పోయేవాళ్ళు పోతారు, పోనివాళ్ళు పది దాకా ముసుగు తీయరు. మూడో అంతస్తులో ఉండే మన జంటకి మాత్రం ఆ భోగం లేదు. లెక్కల మాస్టారు ఎనిమిదింటికల్లా రెండు సంచులు పట్టుకుని కూరలకి బయల్దేరతారు. ఆయన భార్య, అదే స్కూల్లో సైన్సు చెప్పే టీచరమ్మ, బట్టలు మెషిన్‌లో పడేసి, తలుపు దగ్గరగా వేసి, దొంగపనికి కూర్చుంటుంది.

దొంగపనంటే మరేం కాదు. ఆయన శుక్రవారం దిద్ది సొరుగులో పెట్టిన ఎనిమిదో తరగతి పేపర్లు ముప్పై నాలుగూ తీసి, ఆయన ఎర్ర పెన్నుతోనే, ఆయన రాతలోనే మళ్ళీ దిద్దడం. మొగుడి చేతిరాతని దొంగతనం చేసే ఇల్లాలు లోకంలో ఇంకెక్కడైనా ఉందో లేదో నాకు తెలియదు.

ఇది మొదలైంది కిందటి వానాకాలంలో. ఒక పేపరు మీద ఎనిమిదీ ఏడూ కలిపి పద్నాలుగు వేశారాయన. ఆవిడ పగలబడి నవ్వింది, ఆయనా నవ్వారు. తర్వాతి వారం చక్కగా చేసిన లెక్కని అడ్డంగా కొట్టేశారు. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆ పేపరు తాలూకు పిల్ల తల్లి స్కూలుకొచ్చి గొడవ చేసింది. ప్రిన్సిపాల్ టీచరమ్మని పక్కకి పిలిచి, ఇంకోసారి ఇలా జరిగితే మాస్టారిని క్లాసు నుంచి తప్పించక తప్పదని మెల్లిగా చెప్పింది.

"ఒకసారి డాక్టరుకి చూపిద్దామండీ" అంటే, "కళ్ళజోడు మారిస్తే సరిపోతుందిలేవే" అని దాటేశారు ఆయన. ఆవిడా గట్టిగా పట్టుబట్టలేదు. డాక్టరు ఏం చెప్తాడో అని ఆవిడకీ భయమే మరి.

ఆ స్కూలువాళ్ళు భార్యాభర్తలిద్దరికీ కలిపి ఒకటే ఆర్డరు ఇస్తారు. ఒకళ్ళు పోతే రెండోవాళ్ళూ పెట్టె సర్దుకోవాల్సిందే. ఆవిడకి దాని గురించి దిగుల్లేదు. ఆయన రిటైర్మెంటుకి ఇంకా నాలుగు నెలలుంది. ఈ నాలుగు నెలలూ గుట్టుగా గడిచిపోతే చాలు, పంతొమ్మిదేళ్ళు పనిచేసిన మనిషి పదిమంది ముందూ మర్యాదగా సెలవు తీసుకుంటాడు. అంతేగానీ, లెక్కలు మరిచిపోయిన లెక్కల మాస్టారని పిల్లలు గుసగుసలాడుకుంటుంటే తలొంచుకుని వెళ్ళకూడదు. ఆవిడ కోరికల్లా అదొక్కటే.

మొన్నొక శనివారం రెండు సంచుల నిండా వంకాయలే పట్టుకొచ్చారాయన.

"ఏవండీ, ఊరందరికీ వంకాయ కూరతో భోజనాలు పెడుతున్నామా ఏంటి?" అంది ఆవిడ, గొంతు మామూలుగా ఉంచడానికి నానా తంటాలూ పడుతూ.

"లేతగా ఉన్నాయే" అన్నారాయన, సంచుల వంక చూసి కాస్త ఆగి.

ఆ వారమంతా వాళ్ళిద్దరూ వంకాయలే తిన్నారు.

ఈ శనివారం ఆవిడ సొరుగు తీసి, అలవాటు ప్రకారం పేపర్లు లెక్కపెట్టింది. ముప్పై అయిదొచ్చాయి. మళ్ళీ లెక్కపెట్టింది, మళ్ళీ అంతే. అడుగునున్న పేపరు మీద పేరు లేదు, రోల్ నంబరు లేదు, మార్కులూ లేవు. అయిదు లెక్కలూ నీలం సిరాతో చేసి ఉన్నాయి. ఆ చేతిరాత ఎవరిదో ఆవిడకి వేరే చెప్పాలా!

తలుపు చప్పుడైంది. వెళ్ళి పది నిమిషాలైనా కాలేదు, ఖాళీ సంచులతో లోపలికొచ్చారాయన. బల్ల నిండా పేపర్లు, ఆవిడ చేతిలో ఎర్ర పెన్ను. దాచడానికి వీల్లేదు.

"కంగారు పడకే" అని ఎదురుగా కూర్చున్నారు.

"మీకెన్నాళ్ళ నుంచి తెలుసు?"

"మూడు నెలలై ఉంటుంది. నా టిక్కుకి తోక ఉండదు. నువ్వు పెట్టినదానికి ఇంత పొడుగు తోక."

"మరి ఒక్క మాటా అనలేదేం?"

"అంటే నువ్వు మానేస్తావని" అన్నారాయన.

ఇన్నాళ్ళూ ఆయన్ని తనే కాపాడుతున్నాననుకుంది ఆవిడ. ఈయనేమో ప్రతి శనివారం రెండు గంటలు బజారులో కావాలని తిరిగొస్తున్నారన్నమాట!

"నిన్న బోర్డు మీద లెక్క చేస్తూ మధ్యలో ఆగిపోయానే. ముందుకు పోలేదు. పిల్లలు నవ్వలేదు. నవ్వినా బావుండేది. ముందు బెంచీ పిల్ల లేచొచ్చి, నా చేతిలో సుద్దముక్క తీసుకుని, మిగతాది చేసేసి, పోయి కూర్చుంది. పేపర్లంటే నువ్వు దిద్దుతావు. క్లాసు ఎవరు చెప్తారు?" ఆయన ఆ పేపరు ఆవిడ వైపు జరిపారు. "బడి వదిలాక స్టాఫ్‌రూంలో గడియారం ముందు పెట్టుకుని రాశాను. దిద్దు. ఒక్క మార్కు కలిపావంటే నా మీద ఒట్టే."

ఆవిడ దిద్దింది. మొదటిదానికి మూడు. రెండోదానికి సున్నా. మూడోదానికి నాలుగు వేస్తుంటే ప్రాణం కాస్త కుదుటపడింది. నాలుగోదానికి రెండు, అయిదోదానికి మళ్ళీ సున్నా. ఒక సున్నాని దిద్ది అయిదు చేయడం ఆవిడకి నిమిషం పని. ఆర్నెల్లుగా చేస్తున్న పనే. చేయి రాలేదు. కింద ఇరవై అయిదుకి తొమ్మిదని వేసి, తల తిప్పేసుకుంది.

ఆయన పేపరు అందుకుని, వేళ్ళ మీద కలుపుకున్నారు. "మూడూ నాలుగూ ఏడు... ఏడూ రెండూ తొమ్మిది. సరిగ్గానే వేశావు." కాసేపు ఆ అంకె వైపే చూశారు. "సోమవారం ప్రిన్సిపాల్ దగ్గరికి నేనే వెళ్తాను. నువ్వు రాకు."

"నాలుగు నెలలేనండీ! ఎలాగోలా గడిపేద్దామండీ!" అని బావురుమంది ఆవిడ. ఇరవై తొమ్మిదేళ్ళ కాపురంలో ఆయన ముందు అలా ఏడవడం అదే మొదటిసారి.

"ఆ పిల్లలకి ఈ నాలుగు నెలలూ మళ్ళీ రావే" అన్నారాయన.

కాసేపయ్యాక ఆయనే కుర్చీ దగ్గరకి లాక్కున్నారు. "రెండో లెక్కకి సున్నా వేశావు. ఎక్కడ తప్పానో చెప్పవే."

ఒకడు పన్నెండు రోజుల్లో, ఇంకొకడు ఆరు రోజుల్లో చేసే పనిని ఇద్దరూ కలిసి చేస్తే ఎన్ని రోజులు పడుతుందని లెక్క. ఆయన పద్దెనిమిది అని రాశారు. ఆవిడ కొంగుతో ముఖం తుడుచుకుని, తెల్ల కాగితం ఒకటి తీసుకుంది. "చూడండి, మొదటివాడు ఒక్క రోజులో పన్నెండో వంతు చేస్తాడు. రెండోవాడు ఆరో వంతు. రెండూ కలిపితే నాలుగో వంతు. అంటే నాలుగు రోజుల్లో అయిపోతుంది. అర్థమైందా?"

ఆయన కళ్ళజోడు సవరించుకుని కాగితం వైపు చాలాసేపు చూశారు.

"లేదే. మళ్ళీ చెప్పు."

ఆవిడ మళ్ళీ మొదటినుంచి చెప్పింది.