ఎనిమిది కిలోడాల్టన్ల బేరం

తిరుపతిలో నేను పీహెచ్‌డీ చేసిన కాలమంతా ఉలవలతోనే గడిచింది. నాయన వడమాలపేట నుంచి సంచిలో తెచ్చిచ్చే ఉలవల్ని నానబెట్టి, రుబ్బి, వడగట్టి, అందులోంచి ఒకే ఒక్క చిన్న ప్రోటీన్‌ను విడదీయాలి. దాదాపు అదే సైజున్న ఇంకో రెండు ప్రోటీన్లు దాన్ని వదలకుండా వెంటే వచ్చేవి. వాటిని వదిలించుకుంటేనే నాకు థీసిస్. అప్పటికి ఫెలోషిప్ అయిపోవడానికి ఆరు నెలలే ఉన్నాయి.

వదిలించే సాధనం జెల్ ఫిల్ట్రేషన్ కాలమ్. నిలువుగా నిలబెట్టిన గాజు గొట్టం, దాని నిండా సన్నని రంధ్రాలున్న పూసలు. పెద్ద ప్రోటీన్లు రంధ్రాల్లో పట్టక నేరుగా కిందికి దిగిపోతాయి. చిన్నవి కనబడ్డ ప్రతి రంధ్రంలోకీ దూరి తీరిగ్గా వస్తాయి. ఎవరి ప్రోటీన్ సైజుకు తగ్గ కాలమ్ వాళ్లు ఎంచుకోవాలి. ఆ సైజును కిలోడాల్టన్లలో చెబుతారు. నాది ఎనిమిది, ప్రోటీన్లలో పిల్లకాయ. బాగా సన్న రంధ్రాలున్నది కావాలని రాసిచ్చాను.

ఆ ఏడాది డిపార్ట్‌మెంట్‌కు ఒక్క కాలమే కొంటారట. స్కాలర్లం నలుగురం. మా హెడ్ గారు చిత్తూరు మనిషి, ఎవరినీ నొప్పించడం ఇష్టం లేని పెద్దమనిషి. అదే మా కొంప ముంచింది. అందర్నీ తన గదిలో కూర్చోబెట్టి ఎవరి ప్రోటీన్ ఎంతో చెప్పమన్నారు. ఒకతనిది ఆరు వందలు, ఇంకొకతనిది నూటయాభై, ఒకామెది అరవై. అన్నీ కూడి నాలుగుతో భాగించబోతున్నారని నాకప్పుడు అర్థమైంది.

"సగటు ప్రోటీన్ మాలో ఎవరి దగ్గరా లేదు సార్," అన్నాను.

"లేకపోతేనేమమ్మా, న్యాయంగా ఉండాది గదా. కానీ నీది మరీ ఎనిమిదా? ఆరు వందల పక్కన ఎనిమిది రాస్తే సూసేదానికి బాగుండదు. కొంచెం పెంచకూడదా?"

"నేను పెంచేది కాదు సార్. ఉలవలో అంతే ఉంటాది."

"ఇరవై రాసుకుందాం."

"ఎనిమిదే సార్."

"పోనీ పదహైదు. నా మాట మీద."

నా ఫెలోషిప్ పొడిగింపు కాగితం ఆయన టేబుల్ మీదే ఉంది, సంతకం లేకుండా. నేతగాళ్ల బిడ్డని, చీరల బేరంలో అంత సులభంగా లొంగేదాన్ని కాదు. అక్కడ మాత్రం పన్నెండుకు ఒప్పుకున్నాను. ఆయన పొడిగింపు మీద సంతకం పెట్టారు, నేను మా అంకెలన్నీ రాసిన మీటింగ్ మినిట్స్ మీద పెట్టాను.

రెండొందల చిల్లరకు సరిపోయే కాలమ్ వచ్చింది. ఆరు వందలతనిది చెత్తతో కలిసి మొదట్లోనే బయటపడింది. నూటయాభై అతనికి మాత్రం భలే కుదిరింది, పాపం మా అందరికీ కాఫీ ఇప్పించాడు. నా ప్రోటీన్ అన్నిటికన్నా చివర, ఆ రెండు తోడు ప్రోటీన్లనూ వెంటేసుకుని, ద్రావణంలోని ఉప్పుతో కలిసి వచ్చింది. నాకు ఒళ్లు మండింది.

గ్రాఫ్ పట్టుకుని హెడ్ గారి దగ్గరికి వెళ్లాను. ఆయన కళ్లజోడు సర్దుకుని చూశారు.

"పన్నెండు దగ్గర రావాల గదమ్మా, ఇంత ఆలస్యంగా ఎందుకొచ్చినట్టు?"

"అది ఎనిమిదే సార్."

ఆయన ఫైలు తెరిచి మినిట్స్ కాగితం తీశారు.

"మరి ఈడ పన్నెండని సంతకం పెట్టినావే?"

ఎగతాళి కాదు, నిజంగానే అడిగారు. అన్నేళ్ల పనిలో నాకు ఖాయంగా తెలిసిన అంకె ఆ ఎనిమిదొక్కటే, దాన్నే బేరానికి పెట్టాను. నాకు ఏడుపొచ్చింది, ఆయన మీద కోపంతో మాత్రం కాదు.